శాంతికుమార్ పావుగంట

సుకుమారి టీచరు గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. ఆమెనే అడిగితే "నీకేం పన్లేదా శేఖరన్నా, పోయి రేడియోలు బాగుచేసుకోపో" అంటుంది. అయినా రాస్తున్నాను. ఉదయగిరిలో ఆమె గురించి ఎవరినడిగినా ఒకటే చెబుతారు. మంచి టీచరు, గొంతు పెద్దది, ఆమె క్లాసులో పిల్లలు ఆవులించడానికి కూడా భయపడతారు అని. అది నిజమే. అసలు సంగతి మాత్రం వాళ్లకు తెలియదు. తెలియకుండా మేం అంత జాగ్రత్తపడ్డాం. ఆ జాగ్రత్తే మా కొంప ముంచింది.

ముందు నా సంగతి చెప్పేస్తాను, ఎక్కువ లేదు. పేరు చంద్రశేఖర్. ఆత్మకూరు బస్టాండు ఎదురుగా టేప్‌రికార్డర్లు, రేడియోలు బాగుచేసే షాపు నాది. తొంభై మూడులో, నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు మెడలో బిళ్లలు కట్టాయి. ఊళ్లో ఒకాయన పసరు పూశాడు. ఇంకొకాయన తాయెత్తు కట్టాడు. ఆరు నెలలు టీబీ మందులు మింగాను. చివరికి మద్రాసు ఆసుపత్రిలో అది క్యాన్సర్ అని తేల్చారు. మా నాయన ఆ మాట ఇంట్లో ఒక్కసారి కూడా అనలేదు. "ఆ జబ్బు" అనేవాడు, అది కూడా తలుపు వేసి.

మద్రాసులో కరెంటు పెట్టే గది, అంటే రేడియేషన్ ఇచ్చే గది బయట పొడుగాటి బెంచీ ఒకటి ఉండేది. చుట్టూ అరవం. ఒకరోజు ఆ గోలలో "ఏందిరా నాయనా ఈ ఖర్మ, ఇంకా ఎంతసేపు కూర్చోవాల" అని ఎవరో గట్టిగా అనడం వినిపించింది. ప్రాణం లేచొచ్చింది. తిరిగి చూస్తే తలకు గుడ్డ కట్టుకున్న పొట్టి పిల్ల. ఆమే సుకుమారి. ఉదయగిరిలో చర్చి సంఘపెద్ద డేవిడ్‌రాజు గారి కూతురు. అప్పుడే టీచరు ట్రైనింగు ముగించింది. కడుపులో ఒక పక్క అండాశయానికి గడ్డ లేస్తే కోసి తీసేశారు. ఆ గొంతు విని నేను పోయినట్టే ఇంకో ఇద్దరు చేరారు. వరికుంటపాడు ఓబులమ్మకు గొంతు దగ్గర గడ్డ. సోమశిల శాంతికుమార్‌కు మోకాలి ఎముకలో. వాడికి పంతొమ్మిదేళ్లు. మేం కలిసేనాటికే కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. అందరికంటే ఎక్కువ నవ్వేది వాడే.

ఆసుపత్రిలో ఒక కౌన్సెలింగ్ మేడమ్ ఉండేది. వారానికోసారి మా నలుగురినీ కూర్చోబెట్టి ఊపిరి ఎలా పీల్చాలో, భయం వచ్చినప్పుడు భుజాలూ చేతులూ ఎలా వదులు చేసుకోవాలో నేర్పేది. "జబ్బు పోతుంది, టెన్షన్ పోదు. ఇంటికి పోయాక మీకు మీరే తోడు. విడిపోవద్దు" అని చెప్పింది. నాకు మొదట నవ్వొచ్చింది, చచ్చి బతికినవాడికి టెన్షనేంది అని. ఇంటికొచ్చిన తరువాత తెలిసింది. జలుబు చేస్తే భయం, మెడ మీద దోమ కుట్టి దద్దురు లేస్తే భయం. ఎవరికి చెప్పుకోవాలి? ఇంట్లో చెబితే వాళ్లు ఏడుస్తారు. బయట చెబితే మనం తాగిన గ్లాసు పారేస్తారు. ఓబులమ్మ వాళ్ల ఊళ్లో సగం మంది ఆ జబ్బు అంటుకుంటుందనే అనుకునేవాళ్లు.

ఉత్తరాలు రాసుకుందామంటే ఓబులమ్మకు చదవడం అంతంతమాత్రం. పైగా పల్లెలో ఉత్తరం మనకంటే ముందు పదిమంది చదువుతారు. అప్పుడు క్యాసెట్ ఆలోచన చెప్పింది నేనే. తొంభై నిమిషాల క్యాసెట్ ఒకటి కొన్నాను. మొదటి పావుగంట మేడమ్‌ది, ఆసుపత్రిలోనే మాట్లాడించి తెచ్చాం. "కళ్లు మూసుకోండి, భుజాలు వదిలేయండి" అని ఆమె అరవ యాసలో అంటుంటే ఓబులమ్మ ప్రతిసారీ నిద్రపోయేదట. తరువాత మా నలుగురికీ తలా పావుగంట. చివర పావుగంట ఖాళీ. నెలకొక చుట్టు. ఉదయగిరిలో మొదలై వరికుంటపాడు, అక్కడి నుంచి ఆత్మకూరు, తరువాత సోమశిల, మళ్లీ ఉదయగిరి. బస్సు కండక్టర్ల చేతికిచ్చి పంపేవాళ్లం. మన పావుగంట వచ్చినప్పుడు పోయిన నెల మనం మాట్లాడినదాని మీదే మళ్లీ మాట్లాడాలి. పాతది చెరిగిపోతుంది. ఎవరి చేతిలోనైనా పడితే ఎక్కువ దొరకకూడదని ఆ ఏర్పాటు. డబ్బా మీద సుకుమారి చక్కని అక్షరాలతో "ఇంగ్లీషు పాఠాలు" అని రాసింది. ఒక కండక్టరు నాతో "మా పిల్లోడికి కూడా ఒక కాపీ కొట్టియ్యన్నా, ఇంగ్లీషులో సున్నాలు వస్తా ఉండాయి" అన్నాడు.

ఆ క్యాసెట్‌కు నియమాలు పెట్టింది సుకుమారి. టీచరు కదా, నియమం లేకపోతే ఆమెకు తోచదు. వాళ్ల చర్చిలో ఆదివారం సాక్ష్యం చెబుతారు. లేచి నిలబడి, నాకు ఈ కష్టం వచ్చింది, ప్రభువు నన్ను ఇలా విడిపించాడు అని చెబుతారు. విన్నవాళ్లు స్తోత్రం అంటారు. ఇంకా విడుదల రాలేదు అని చెప్పడానికి అక్కడెవరూ లేవరు. చిన్నప్పటి నుంచీ ఆమె విన్నది అదే. దాన్నే తెచ్చి మా క్యాసెట్‌లో పెట్టింది. ముందుగా "నాకు బాగుండాది" అని చెప్పాలి. తరువాత ఆ నెలలో జరిగిన మంచి ఒకటి చెప్పాలి. ఏడవకూడదు. "ఏడుపొస్తే పాజ్ బొత్తాం నొక్కండి. కళ్లు తుడుచుకోని, నీళ్లు తాగి, మళ్లీ మొదలుపెట్టండి. వినేవాళ్లు మనలాంటోళ్లే గదా, వాళ్ల గుండె అదరకూడదు" అని చెప్పింది. మాకందరికీ నచ్చింది. నాకూ నచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

రెండేళ్లు బ్రహ్మాండంగా నడిచింది. అబద్ధమెందుకు, ఆ క్యాసెట్ వచ్చే రోజు నాకు పండగే. షాపు షట్టరు సగం దించి, హెడ్‌ఫోను పెట్టుకుని వినేవాణ్ణి. సుకుమారికి మిషను బడిలో ఉద్యోగం వచ్చింది. ఊడిన జుట్టు వంకీలు తిరిగి మొలిస్తే, మద్రాసుకు పోయి ఫ్యాషన్ చేయించుకొచ్చిందని ఊరంతా అనుకున్నారట. ఆ సంగతి చెప్పి చెప్పి నవ్వింది. ఓబులమ్మ ఎనుము ఈనింది. శాంతికుమార్ ఇంటి ముందు కూర్చుని చేపల వలలు బాగుచేసేవాడు. సోమశిల డ్యాము కింద ఊరు మునిగి లేచొచ్చిన కుటుంబం వాళ్లది. వాడూ వాళ్లమ్మా ఇద్దరే. "కాలొకటి తక్కువని ఎవురూ నన్ను పనికి పిలవరు. వలలే నా కాడికి నడిచొస్తా ఉండాయి" అనేవాడు.

తొంభై ఆరు వేసవి తరువాత వాడి పావుగంటలో టక్, టక్ మని చప్పుళ్లు మొదలయ్యాయి. నాలుగు మాటలకొక టక్. మొదట అప్పుడొకటి ఇప్పుడొకటి, తరువాతి నెలల్లో ఎక్కువ. నేను ఇరవై ఏళ్ల వయసు నుంచి టేప్‌రికార్డర్లు విప్పుతున్నవాణ్ణి. నాకు తెలియని చప్పుడా? టేపును చదివే హెడ్డుకు మురికి పట్టిందని తీర్మానించాను. నా వంతులో వాడికి పెద్ద పాఠం చెప్పాను, దుమ్ములో పెట్టి వాడితే ఇంతేరా అని తిట్టాను. స్పిరిట్ సీసా, దూది ఒక పొట్లం కట్టి సోమశిల బస్సులో పంపాను. తరువాతి నెల వాడు "శేఖరన్నా, నీ స్పిరిట్‌తో తుడిచినాను. ఇప్పుడు నా కంటే బాగా పాడతా ఉండాది" అన్నాడు. ఆ మాటలోనే రెండు టక్కులు. నేను విని నవ్వుకున్నాను. అంత తెలివిగల మెకానిక్కును నేను.

నవంబరు వానల్లో శాంతికుమార్ పోయాడు. జబ్బు ఊపిరితిత్తులకు పాకింది. సోమశిల కండక్టరు క్యాసెట్ డబ్బా నా చేతిలో పెట్టి "ఇంగ్లీషు పాఠాల పిల్లోడు నిన్న పొద్దున పోయినాడన్నా. శానా దగ్గినాడంట, నెలల తరబడి" అన్నాడు. దగ్గా? మేం నెలనెలా విన్నాం, ఒక్క దగ్గు వినలేదు. డబ్బా పట్టుకుని బస్టాండులో నిలబడ్డాను. అప్పుడు అర్థమైంది ఆ చప్పుడు ఏమిటో. దగ్గు వచ్చినప్పుడల్లా పాజ్ నొక్కాడు. సుకుమారి పెట్టిన నియమం ప్రకారం.

నాకు అర్థమైంది సుకుమారికి నేను చెప్పకముందే అర్థమైంది. ఆమె ఏడవలేదు. అదే నన్ను భయపెట్టింది. క్యాసెట్ మళ్లీ తిప్పడం మొదలుపెట్టాం. శాంతి పావుగంట మీద మాట్లాడటానికి ఎవరికీ చెయ్యి రాలేదు. అది అలాగే ఉండిపోయింది. దాంతో ప్రతి నెలా వాడు వచ్చి మాట్లాడేవాడు. "నాకు బాగుండాది. పైనెల మీకు వల అల్లేది ఎట్నో చెప్తా" అనేవాడు. నెలనెలా అదే మాట. పైనెల వచ్చేది, వాడు మళ్లీ పైనెల చెబుతాననేవాడు. ఓబులమ్మ తట్టుకోలేక "నాకు పంపొద్దు" అని మానుకుంది. నేను నా వంతు వరకూ విని టేపు ఆపేసేవాణ్ణి. ఆపినా షాపులో ఒంటరిగా ఉన్నప్పుడు ఎక్కడో టక్ మంటే ఉలిక్కిపడి తిరిగి చూసేవాణ్ణి.

సుకుమారి మాత్రం ఆపలేదు. క్యాసెట్ ఎక్కువ రోజులు తన దగ్గరే ఉంచుకునేది. బడి వదలగానే ఇంటికి పోయి, శాంతి పావుగంట పెట్టుకుని, ఒక్కొక్క టక్కు దగ్గరా ఆపి, వెనక్కి తిప్పి మళ్లీ వినేదట. ఎందుకమ్మా అని అడిగితే "యాడో ఒక దగ్గన్నా మిగిలుంటాది శేఖరన్నా. వాడు నొక్కేలోపల రవ్వంత పడే ఉంటాది. అప్పుడే వినుంటే చెప్పుండొచ్చు గదా, మద్రాసుకు పోరా అని" అంది. నేను తిట్టాను. వినలేదు. ఇంకోసారి "టేపు ఆపినా కూడా వాడు మాట్లాడతానే ఉండాడు" అంది. ఎక్కడ అని అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. మద్రాసు ఆసుపత్రి వాళ్లు, చెకప్‌కు రాకపోతే ఒక కార్డు రాస్తారు. ఆ కార్డు మీద ఆసుపత్రి పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, క్యాన్సర్ అనే మాటతో సహా. ఊళ్లో పోస్టుమాన్ కంటపడితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. అందుకని మేం నలుగురం మా షాపు అడ్రసే ఇచ్చాం. శాంతి పోయిన తరువాత సుకుమారి పేరుతో మూడు కార్డులు వచ్చాయి. ఆరు నెలలకొకటి. మూడు చెకప్‌లు ఎగ్గొట్టింది. మొదటిది ఇస్తే చించేసింది. రెండోది తీసుకోలేదు. మూడోది తొంభై ఎనిమిది ఫిబ్రవరిలో వచ్చింది. "మీరు వెంటనే రావలెను" అని ఎర్ర సిరాతో రాసి ఉంది. ఆ నెల ఆమె బస్సు దిగుతున్నప్పుడు నేను చూశాను, ఎడం చెయ్యి పొత్తికడుపు మీద అదిమి పట్టుకుని దిగింది. ఏందని అడిగితే "అజీర్తి" అంది.

ఈమెను మద్రాసు ఎలా పంపాలి? వాళ్ల నాయనకు చెబుదామంటే, చెబితే నా మొహం చూడనని ముందే ఒట్టు పెట్టింది. బతిమాలాను, కోప్పడ్డాను. "నాకు బాగుండాది శేఖరన్నా" అనడం తప్ప ఇంకో మాట లేదు. ఆ మాట ఆమె నోటి నుంచి వస్తుంటే నాకు శాంతి గొంతే వినిపించేది. ఇంకొకరిని అలా పోగొట్టుకోవడం నా వల్ల కాదు.

అలాంటప్పుడు మార్చి మొదటి వారంలో ఆనందమ్మ మా షాపు మెట్లెక్కింది. శాంతికుమార్ తల్లి. మనిషి సగమైపోయింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అబ్బయ్యా, మావోడి గొంతు మీ కాడ ఇంకా ఉండాదంట గదా. ఒక్కసారి వినాల. మొన్నటి నించి వాడి గొంతు నాకు గ్యాపకం రావడంల్యా. మొకం వస్తా ఉండాది, గొంతు రావడంల్యా" అంది.

క్యాసెట్ సుకుమారి దగ్గరుంది. ఆదివారం మధ్యాహ్నం రమ్మని ఆనందమ్మకు చెప్పాను. ఉదయగిరి బస్సు కండక్టరుతో సుకుమారికి కబురు పెట్టాను, క్యాసెట్ తీసుకుని తప్పకుండా రమ్మని. వచ్చినప్పుడు ఎర్ర సిరా కార్డు చేతిలో పెట్టాలని కూడా అనుకున్నాను.

ఆదివారం చర్చి అయిపోగానే సుకుమారి వచ్చింది. విషయం విని మొహం తెల్లబోయింది.

"వద్దన్నా. ఆమెకు వినిపించొద్దు. వింటే ఆమెకు తెలిసిపోతాది, మనం ఆరు నెల్లు ఆ టక్కులు వింటా కూడా పట్టించుకోలేదని. నేను పెట్టిన నియమం అని తెలిసిపోతాది" అంది.

"తెలియనీ" అన్నాను. కోపంగానే అన్నాను. ఇంతలో ఆనందమ్మ వచ్చేసింది. షట్టరు దించి, క్యాసెట్ పెట్టి, శాంతి వంతు దగ్గరకు తిప్పాను.

"నాకు బాగుండాది..." అని మొదలుపెట్టాడు వాడు. ఆనందమ్మ కళ్లు మూసుకుంది. పావుగంటా కదల్లేదు, ఏడవలేదు. నేనూ సుకుమారీ ఆమె మొహం చూడలేక తలలు దించుకున్నాం. అప్పుడు నా కళ్లు ఆమె చేతి మీద పడ్డాయి. కుడిచేతి బొటనవేలు మోకాలి మీద చీరను నొక్కుతోంది, వదులుతోంది. ఆ వేలు నొక్కిన వెంటనే టేపులో టక్ మంటోంది. టక్కు వినిపించాక నొక్కడం కాదు, ముందే నొక్కుతోంది. ఒక్కటి కూడా తప్పలేదు.

టేపు అయిపోయింది. సుకుమారి ఉన్నట్టుండి ఆమె కాళ్ల దగ్గర కూలబడి "నేనే పెద్దమ్మా, నేనే ఆ నియమం పెట్టినాను. ఏడవొద్దని, ఆపి మాట్లాడమని. నేనే చంపినాను వాణ్ణి" అంది.

ఆనందమ్మ కళ్లు తెరిచింది. ఓదారుస్తుందనుకున్నాను. ఓదార్చలేదు.

"ఊరుకో. నువ్వెందుకు చంపుతావు? వాడు బొత్తాం నొక్కలేదు, నొక్కింది నేను. వాడు వలలు అల్లతా మాట్లాడేవోడు. దగ్గు వస్తా ఉంటే చెయ్యి పైకెత్తేవోడు, నేను నొక్కేదాన్ని. దగ్గు ఆగినాక మళ్లీ నొక్కేదాన్ని. ఆరు నెల్లు నొక్కినాను. వాళ్లకి తెలిస్తే భయపడతారమ్మా అన్న్యాడు. నిజం అది కాదు. వాడికి భయం. మద్రాసుకు పోతే రెండో కాలు కూడా తీస్తారని భయం. నాకూ భయమే. అందుకని తల్లీకొడుకులం ఇంట్లో కూచోని బొత్తాం నొక్కుకుంటా ఉన్న్యాం" అంది.

నేను స్పిరిట్ సీసా పంపిన సంగతి చెప్పాలనిపించింది. చెప్పాను. ఆనందమ్మ నావైపు చూసి "ఆ సీసా చూసి వాడు నవ్వినాడు అబ్బయ్యా. శానా దినాల తర్వాత నవ్వినాడు" అంది. అది విన్నాక నేను వెనక్కి తిరిగి, బల్ల మీద లేని స్క్రూడ్రైవరు వెతుక్కున్నాను.

కాసేపటికి ఆనందమ్మే "ఈ బిడ్డ వంతు పెట్టు" అంది.

పెట్టాను. "నాకు బాగుండాది. ఈ నెల మా బడి పిల్లలు..." అంటూ సుకుమారి గొంతు గడగడా సాగిపోయింది. ఒక్క టక్కు లేదు, ఒక్క తడబాటు లేదు. ఆనందమ్మ రెండు నిమిషాలు విని ఆపమంది.

"ఎన్నాళ్లనించి నొప్పి?" అని అడిగింది.

"ఏం నొప్పి లేదు పెద్దమ్మా."

"నా కాడ చెప్పబాక. ఆరు నెల్లు అబద్ధం పక్కన కూచున్నదాన్ని నేను. నిజం చెప్పేటోళ్లు ఇంత గడగడా చెప్పరు. మెట్లెక్కినప్పటి నించి చూస్తా ఉండా, ఆ చెయ్యి కడుపు మీద నించి తియ్యలా నువ్వు."

సుకుమారి చెయ్యి అప్పుడు కూడా అక్కడే ఉంది. తీయబోయి తీయలేదు. "నాలుగు నెల్లు" అంది. ఆ తరువాత ఏడ్చింది. ఉదయగిరిలో వంద మంది పిల్లల్ని అదుపులో పెట్టే గొంతు మా షాపులో గీరుకుపోయి, మాట కాని మాటలు వచ్చాయి. "పోతే ఏం చెప్తారో అని భయం. వాడు పోయినాడు, నేను చెకప్‌కు పోయి బాగుండాదని చెప్పించుకోని వస్తే వాడికి ఏం మొహం చూపించాల? బాగలేదంటే ఇంట్లో ఏం చెప్పాల? ఏ పక్కకు పోయినా వాడు మాట్లాడతా ఉండాడు పెద్దమ్మా."

నేను ఎర్ర సిరా కార్డు తీసి బల్ల మీద పెట్టాను. ఆనందమ్మకు చదువు రాదు. అయినా ఆ రంగు చూసి అర్థం చేసుకుంది.

"అబ్బయ్యా, మావోడి వంతు కాడికి తిప్పు. నేను మాట్లాడాల" అంది.

చివర పావుగంట ఖాళీగా ఉందమ్మా, అక్కడ మాట్లాడు అన్నాను. వద్దంది. వాడి వంతు మీదే మాట్లాడాలంది. అలా చేస్తే వాడి గొంతు పోతుందమ్మా, అది ఒక్కటే ఉంది, ఇంకెక్కడా లేదు అన్నాను. తెలుసంది. సరే, ఆగు, పావుగంటలో కాపీ తీస్తాను అని లేచాను. నా దగ్గర రెండు క్యాసెట్లు పట్టే సెట్టు ఉంది. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"వొద్దు. ఉంటే ఈ బిడ్డ మళ్లీ వింటాది. నేనూ వింటా. వాడి మాట వినీ వినీ వాడి మాదిరే తయారయినాది ఈ పిల్ల. చచ్చినోడు, ఇంకొకర్ని పిలస్తా కూచోకూడదు. తిప్పు."

గొంతు కోసం నలభై కిలోమీటర్లు బస్సులో వచ్చిన తల్లి ఆమె. ఒక్కసారే విన్నది. నేను తిప్పాను. రికార్డు చేసే ఎర్ర బొత్తాం నేను నొక్కలేకపోయాను, ఆమే నొక్కింది. ఆరు నెలలు అలవాటైన చెయ్యి, వెతుక్కోలేదు. మైకు దగ్గరకు వంగి మాట్లాడింది. "మాది సోమశిల. నేను శాంతికుమార్ అమ్మను. మావోడికి బాగలేదు. దగ్గు ఉండాది. రగతం పడింది. మేము దాచినాము" అని మొదలుపెట్టి, ఏ నెలలో ఏం జరిగిందో వరుసగా చెప్పింది. మధ్యలో ఏడుపొచ్చింది. ఆపలేదు. ఏడుపు కూడా అందులోకే పోయింది. మాటలు అయిపోయిన తరువాత కూడా పావుగంట నిండేదాకా అలాగే కూర్చుంది, టేపు తిరుగుతూనే ఉంది. కొడుకు మాట ఒక్కటి కూడా మిగలకూడదని అలా కూర్చుందని నాకు తరువాత తట్టింది.

బొత్తాం ఆపి, సుకుమారి వైపు తిరిగి, "మద్రాసుకు ఎన్ని గంటలకు బస్సు?" అంది.

మర్నాడు పొద్దున్నే ముగ్గురం బయలుదేరాం. ఉదయగిరిలో వాళ్ల నాయనకు సుకుమారే చెప్పిందట, ఉన్నదున్నట్టు. ఆయన ఏమన్నాడో నాతో చెప్పలేదు గాని, బస్సెక్కించడానికి ఆయనే వచ్చాడు, కూతురి సంచీ తనే మోశాడు.

మీరు టెన్షన్ పడకుండా తరువాత జరిగింది ఇక్కడే చెప్పేస్తాను. రెండో పక్క అండాశయానికి నిమ్మకాయంత గడ్డ లేచింది. ఇంకో రెండు నెలలు ఆలస్యమైతే మా చేతుల్లో ఉండేది కాదని డాక్టరు మమ్మల్ని ముగ్గురినీ నిలబెట్టి తిట్టాడు. కోసి తీశారు. ఆరు నెలలు మందులెక్కించారు. జుట్టు మళ్లీ ఊడింది, మళ్లీ వచ్చింది, ఈసారి వంకీలు లేకుండా. పిల్లలు పుట్టరని తెలిసిన రోజు ఆమె చాలా ఏడ్చింది. ఇప్పుడు మళ్లీ అదే బడిలో అదే గొంతుతో పాఠం చెబుతోంది. ఓబులమ్మ తిరిగి మాతో కలిసింది. క్యాసెట్ తిరుగుతూనే ఉంది. నియమాలు లేవు. పోయిన నెల ఓబులమ్మ పావుగంటా నన్ను తిట్టడానికే వాడుకుంది.

నేను చెప్పాలనుకున్నది మాత్రం మేం మద్రాసు చేరాక స్కానింగ్ గది బయట జరిగింది. మళ్లీ అలాంటి బెంచీయే. మధ్యలో సుకుమారి, ఒక పక్క ఆనందమ్మ, ఇంకో పక్క నేను. సుకుమారి జేబురుమాలు నలుపుతోంది. మేడమ్ చెప్పినట్టు ఊపిరి పీల్చు అన్నాను. నోరు మూసుకోమంది. ఆనందమ్మ నేల చూస్తూ, ఎవరినో అడగరానిది అడుగుతున్నట్టు మెల్లగా అంది.

"బిడ్డా, నిన్న విన్న్యాను గదా. తెల్లారేసరికి మళ్లీ పోయినాది వాడి గొంతు. ఏం చెప్పినాడో కూడా సగం గ్యాపకం లేదు. వల అల్లేది గురించి ఏందో అన్న్యాడు గదా, ఏందది?"

సుకుమారి ఆమె వైపు తిరిగింది. పదిహేను నెలలు రోజూ విన్న మనిషి. మొదటి నుంచి మొదలుపెట్టింది. వాడి మాటలు, వాడు మాటను సాగదీసే తీరు, ఎక్కడ నవ్వాడో అక్కడ నవ్వు. ఒక్క మాట వదల్లేదు, ఒక్కటి తనది కలపలేదు. వాడు ఆగిన చోటల్లా ఈమె కూడా ఆగింది. ఆనందమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, తల ఊపుతూ వింటోంది. బెంచీ మీది అరవవాళ్లు మాట్లాడటం మానేసి చూశారు. నేను లేచి కిటికీ దగ్గరకు పోయాను, అయినా అక్కడికి కూడా శాంతి వినిపిస్తూనే ఉన్నాడు. ఆ రోజు మాత్రం నాకు భయం వేయలేదు.

సగం కూడా కాకముందే నర్సు తలుపు తీసి సుకుమారి పేరు పిలిచింది. సుకుమారి మాట ఆపింది. లేవలేదు. ఆనందమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆనందమ్మ ఒక్కొక్క వేలూ విడదీసి, తన చెయ్యి వెనక్కి తీసుకుంది. "పో. పిలస్తా ఉండారు. మిగతాది వచ్చి చెప్దువులే" అంది.

సుకుమారి లోపలికి పోయింది. నలభై నిమిషాలు పట్టింది. ఆనందమ్మ ఆ నలభై నిమిషాలూ తలుపు మీది నుంచి చూపు తిప్పలేదు, నేను టీ తెస్తే తాగలేదు. సుకుమారి బయటికొచ్చింది. మొహం పాలిపోయి ఉంది, జేబురుమాలు గట్టిగా నలిపి పట్టుకుంది. ఏం చెప్పారని నేను అడగబోయాను.

ఆనందమ్మ నన్ను చేత్తో వారించి, పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చింది.

"కూచో. యాడ ఆపినావు?" అంది.